తహసీల్దార్ ఆఫీసు నుంచి ‘ఎండార్స్‌మెంట్’ వచ్చింది. పని అయినట్టా, కానట్టా?

తెనాలి_బెంగళూరు:

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్ళో తాతగారి పేరు మీద ఎకరం ఇరవై సెంట్ల మాగాణి ఉంది. తాతగారు పోయి చాలా ఏళ్ళయింది. నాన్నగారు 2021లో కోవిడ్‌తో పోయారు. 1బిలో (భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డులో) ఇప్పటికీ తాతగారి పేరే నడుస్తోంది. నాన్నగారి వాటా 60 సెంట్లు అమ్మ పేరుకీ నా పేరుకీ మార్చమని అర్జీ పెట్టాం. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్లు అన్నీ జత చేశాం.

పోయిన వారం అమ్మకి ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. పైన ‘ఎండార్స్‌మెంట్’ అని ఉంది. కింద ఇలా రాశారు: “పై సూచిక నందలి మీ అర్జీని పరిశీలించడమైనది. సదరు భూమి విషయమై మీ కుటుంబ సభ్యుల నుండి అభ్యంతరము వచ్చియున్నందున, మీరు తగు సివిల్ కోర్టును ఆశ్రయించి పరిష్కరించుకొనవలసినదిగా తెలియజేయడమైనది.” అభ్యంతరం పెట్టింది మా బాబాయి అని ఊళ్ళో చెప్పారు.

తమాషా ఏంటంటే అదే సాయంత్రం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని! మా ఫ్రెండు ఒకడు ‘ఎండార్స్‌మెంట్ అంటే ఆమోదించినట్టేరా, పని అయిపోయింది, పాస్‌బుక్ వస్తుంది’ అంటున్నాడు. నెట్‌లో వెతికితే ఒకచోట చెక్కు వెనక సంతకం అనీ, ఇంకోచోట సినిమా హీరోలు కూల్‌డ్రింక్ యాడ్‌లో కనపడటం అనీ ఉంది. మా 60 సెంట్లకీ వీటికీ ఏం సంబంధమో అర్థం కాలేదు. అమ్మ టెన్షన్ పడుతోంది. ఈ కాగితం దేనికి పనికొస్తుంది? తర్వాత ఏం చేయాలి? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

పాత_దఫ్తరు:

బాబూ, నేను రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. మీరు రాసిన ఆ ‘తెలియజేయడమైనది’ కాగితాలు నా చేత్తో లెక్కలేనన్ని రాశాను. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ ఫ్రెండు మాట పక్కన పెట్టండి. పని కాలేదు. మీ అర్జీని తోసిపుచ్చారు, కాకపోతే మర్యాదగా తోసిపుచ్చారు. మన ఆఫీసుల్లో ఎండార్స్‌మెంట్ అంటే అర్జీదారుకి రాతపూర్వకంగా ఇచ్చే జవాబు, అంతే. అందులో ‘మీ పేరు రికార్డులో చేర్చడమైనది’ అని ఉండొచ్చు, ‘మీ అర్జీ మా పరిధిలోది కాదు’ అని ఉండొచ్చు, మీకు వచ్చినట్టు ‘కోర్టుకి పొండి’ అనీ ఉండొచ్చు. పైన ఉన్న పేరు చూసి సంబరపడకూడదు, కంగారూ పడకూడదు. ఆఖరి రెండు లైన్లలో ఏం రాశారో అదే అసలు సంగతి.

మెసేజ్ గొడవ కూడా అందులోంచి వచ్చిందే. సోమవారం కలెక్టరేట్‌లో పెట్టే అర్జీలైనా, ఆన్‌లైన్ అర్జీలైనా, ఎండార్స్‌మెంట్ స్కాన్ చేసి ఎక్కించగానే కంప్యూటర్ దాన్ని ‘పరిష్కారం’ కింద వేసుకుంటుంది. జవాబు ఇచ్చారా లేదా అన్నదే దానికి కావాలి, మీ కష్టం తీరిందా లేదా అన్నది కాదు. కలెక్టరు గారి రివ్యూలో ఏ మండలంలో ఎన్ని పెండింగ్ అని అడుగుతారు. ఆ అంకె తగ్గించడానికి ఎండార్స్‌మెంటంత సులువైన సాధనం ఇంకోటి లేదు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో రివ్యూ ముందురోజు సాయంత్రం ‘అర్జీదారు సివిల్ కోర్టును ఆశ్రయించవలసినదిగా’ అన్న మ్యాటర్ కంప్యూటర్‌లో రెడీగా ఉండేది, పేరూ సర్వే నంబరూ మార్చి ప్రింట్లు తీయడమే.

అలాగని ప్రతిసారీ తప్పించుకోవడమే అని కూడా అననండి. హక్కు ఎవరిది, వాటా ఎంత అని తేల్చే అధికారం తహసీల్దారుకి నిజంగానే లేదు. అది సివిల్ కోర్టు పని. అన్నదమ్ముల మధ్య వాటాల పేచీ ఉందని కాగితం మీద కనపడితే ఆయన చేతులు కట్టేసినట్టే. కానీ ఆ మాట చెప్పేముందు ఆయన చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. మీకు నోటీసు ఇవ్వాలి, మీ బాబాయికి నోటీసు ఇవ్వాలి, ఇద్దరి మాటా వినాలి, అప్పుడు కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వుని మేం ప్రొసీడింగ్స్ అంటాం. మీ అమ్మగారికి విచారణ నోటీసు వచ్చిందా? రాకపోతే అదే మీ మొదటి పాయింటు.

ఇప్పుడు ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూడండి. ఎడమ పక్క పైన ఆర్.సి. నంబరు, అంటే మీ ఫైలు నంబరు, ఉంటుంది, పక్కన తేదీ. కింద ‘సూచిక’ అని మీ అర్జీ తేదీ ఉండాలి, అది మీ అర్జీయేనా సరిచూసుకోండి. ఒక్కోసారి పక్కవాళ్ళ అర్జీ నంబరు పడుతుంది. ఆర్.సి. బదులు ‘ఎల్.డిస్’ అని ఉంటే మాత్రం త్వరపడాలి. ఎల్.డిస్ అని మూసిన ఫైలుని ఏడాది దాటాక తీసేయొచ్చు. డి.డిస్ అయితే పదేళ్ళు ఉంచాలి, ఆర్.డిస్ అయితే శాశ్వతం. మామూలు జనానికి ఈ రెండక్షరాలు కంటికి ఆనవు, కానీ రేపు కోర్టులో ‘ఆ ఫైలు లేదు’ అని జవాబొచ్చేది అక్కడినుంచే.

తర్వాత సంతకం, సీలు. తహసీల్దారు సంతకమేనా, ‘తహసీల్దారు కొరకు’ అని ఇంకెవరైనా పెట్టారా చూడండి. అన్నిటికంటే ముఖ్యం, మీ అమ్మగారు తీసుకున్నట్టు సంతకం పెట్టినప్పుడు కింద తేదీ వేశారా? కాగితం మీద ఉన్న తేదీ ఒకటి, మీ చేతికిచ్చిన తేదీ ఇంకోటి ఉంటుంది. మధ్యలో నెల తేడా ఉన్నవి నేను చూశాను. అప్పీలు గడువు మీకు అందిన రోజు నుంచి లెక్క. ఆ రోజు ఏదో రుజువు చేసుకోవాల్సింది మీరే. పోస్టులో వస్తే కవరు పారేయకండి, దాని మీద ముద్ర ఉంటుంది.

ఇక ఏం చేయాలన్నది. మన రాష్ట్రంలో 1971 పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం ఉంది. అందులో 5(5) సెక్షన్ కింద తహసీల్దారు ఉత్తర్వు మీద ఆయన పైఅధికారి ఆర్డీవోకి (రెవెన్యూ డివిజనల్ ఆఫీసరుకి) అప్పీలు చేసుకోవచ్చు, ఉత్తర్వు అందిన 60 రోజుల్లోపు. మీకు తెనాలిలోనే ఆర్డీవో ఆఫీసు ఉంది కాబట్టి దూరం పోనక్కర్లేదు. ‘ఇది ఉత్తర్వు కాదు, ఉత్త ఎండార్స్‌మెంటే కదా, దీని మీద అప్పీలేంటి’ అని కౌంటరు దగ్గర అంటే వెనక్కి రావద్దు. అర్జీని తిరస్కరించి ఫైలు మూసేశాక దాని పేరు ఏదైతేనేం, మీ హక్కు మీద దెబ్బ పడింది కదా. విచారణ లేకుండా, కారణాలు రాయకుండా ఇచ్చిన ఎండార్స్‌మెంట్లని హైకోర్టు కొట్టేసి, మళ్ళీ విచారించి కారణాలతో ఉత్తర్వు ఇవ్వండి అని వెనక్కి పంపిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

అప్పీలు వేసేలోపు ఒక పని చేయండి. సమాచార హక్కు కింద అదే ఆఫీసులో మూడు అడగండి: మీ బాబాయి గారి అభ్యంతరం కాపీ, వీఆర్వో రిపోర్టు, ఈ ఆర్.సి. నంబరు ఫైల్లో నోటు పేజీలు. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఆ కాగితాలు చూస్తేగానీ మీ బాబాయి నిజంగా ఏం రాసిచ్చారో తెలియదు. ఊళ్ళో చెప్పేది ఒకటుంటుంది, కాగితం మీద ఇంకోటుంటుంది.

చెక్కుబుక్కు:

పెద్దాయన రెవెన్యూ సంగతి చెప్పేశారు. నెట్‌లో కనపడిన చెక్కు సంగతి నేను చెబుతా, బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనక కూర్చునేవాణ్ణి కాబట్టి.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 15వ సెక్షన్ ఈ ఎండార్స్‌మెంట్ గురించే. నా పేరు మీద వచ్చిన ఆర్డరు చెక్కు వెనక ‘ఫలానావారికి చెల్లించండి’ అని రాసి సంతకం పెట్టి ఇస్తే, ఆ డబ్బు తీసుకునే హక్కు ఆయనకి వస్తుంది. పేరు రాయకుండా ఉత్త సంతకం పెట్టి ఇచ్చారంటే అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే. అందుకే ఖాళీ సంతకం పెట్టి చెక్కు జేబులో వేసుకుని తిరగొద్దని మా మేనేజరు అరుస్తుండేవారు.

ఇప్పుడు ఇది పెద్దగా నడవట్లేదు. చెక్కు మీద అడ్డంగా రెండు గీతలు గీసి ‘అకౌంట్ పేయీ’ అని ఉంటే, వెనక ఎంతమంది సంతకాలు పెట్టినా పేరున్నవాళ్ళ ఖాతాలోకే వేస్తాం. రిజర్వ్ బ్యాంకు నిబంధన అది. ఇంకో చిన్న మాట: బేరర్ చెక్కు ఇచ్చి డబ్బు తీసుకునేటప్పుడు వెనక సంతకం పెట్టించుకుంటాం చూశారూ, అది ఎండార్స్‌మెంట్ కాదు, డబ్బు ముట్టినట్టు రసీదు లాంటిది. సగం మంది కస్టమర్లు దీని మీదే కౌంటర్లో వాదన వేసుకుంటారు.

తెనాలి_బెంగళూరు:

థాంక్యూ సర్, చాలా క్లియర్‌గా చెప్పారు. అమ్మని అడిగాను. నోటీసు ఏమీ రాలేదట. వీఆర్వో గారు ఒకసారి ఇంటికొచ్చి ‘మీవాళ్ళు ఒప్పుకున్నారా’ అని అడిగి వెళ్ళారంట, అంతే. సంతకం పెట్టినచోట తేదీ వేయలేదు. కాగితం మీద తేదీకీ ఇచ్చిన రోజుకీ 19 రోజుల తేడా ఉంది.

ఇంకో డౌటు. మా మేనమామ ఏమంటున్నారంటే, 60 రోజుల గురించి కంగారు పడొద్దు, వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అదే అర్జీ మళ్ళీ పెడదాం, వాళ్ళు మళ్ళీ కొత్త ఎండార్స్‌మెంట్ ఇస్తారు, అక్కణ్ణుంచి కొత్తగా 60 రోజులు వస్తాయి అని. ఇది కరెక్టేనా?

ఆర్టీఏ_చుట్టూ:

టాపిక్ పక్కకి పోతున్నందుకు ఏమీ అనుకోకండి, ఈ పదం చూసి ఆగలేకపోయా. బండి లోన్ తీర్చినవాళ్ళు ఎవరైనా చదువుతుంటే పనికొస్తుందని రాస్తున్నా.

ఫైనాన్స్‌లో కొన్న బండి ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉంటుంది, దాన్నే హెచ్‌పీ (హైర్ పర్చేజ్) ఎండార్స్‌మెంట్ అంటారు. లోన్ కట్టేసినంత మాత్రాన అది దానంతటదే పోదు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 మీద వాళ్ళ సంతకం తీసుకుని ఆర్టీఏలో తీయించుకోవాలి. చాలామంది ఇక్కడిదాకా చేసి ఊరుకుంటారు. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా ఆ బ్యాంకు పేరు ఉంటుంది, అది వేరే ఎండార్స్‌మెంట్. కంపెనీకి రాసి అది కూడా తీయించాలి. లేకపోతే రేపు బండి పూర్తిగా పోయి టోటల్ లాస్ క్లెయిమ్ అయితే చెక్కు బ్యాంకు పేరు మీద తయారవుతుంది. ఎప్పుడో మూసేసిన లోన్ ఖాతా కోసం మళ్ళీ బ్రాంచి చుట్టూ తిరగాలి. మా తమ్ముడికి సరిగ్గా ఇదే జరిగింది.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళు కూడా అంతే. ఆర్సీ పేరు మారింది చాలనుకోవద్దు. బదిలీ అయిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీలో పేరు మార్పించుకోవాలని మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్‌లోనే ఉంది.

సినిమాపిచ్చి_వైజాగ్:

మా హీరోల ఎండార్స్‌మెంట్ గురించి ఎవరూ చెప్పరేంటి 😀 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే యాడ్ చేసిన సెలబ్రిటీకి 10 లక్షల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా వేయొచ్చు. ఏడాదిపాటు యాడ్లు చేయకుండా ఆపొచ్చు కూడా, మళ్ళీ చేస్తే మూడేళ్ళు. అయితే చేసేముందు తగినంత ఆరా తీశానని చూపించుకుంటే తప్పించుకోవచ్చు. ప్లాట్ల వెంచర్ యాడ్‌లో ఎవరున్నారో చూసి అడ్వాన్సులు ఇచ్చేవాళ్ళు ముందు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందో లేదో చూసుకోండి.

పాత_దఫ్తరు:

హీరోలని వదిలేసి 60 సెంట్ల దగ్గరికి వద్దాం.

బాబూ, మీ మేనమామ గారు చెప్పిన సలహా ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు చెబుతారు. నమ్మొద్దు. అర్జీ మీద అర్జీ పెడితే ఎండార్స్‌మెంట్ మీద ఎండార్స్‌మెంట్ వస్తుంది, నిజమే. రెండోసారి ఏం రాస్తారో కూడా నేను ఇప్పుడే చెప్పగలను: “ఇదే విషయమై ఫలానా తేదీన ఎండార్స్‌మెంట్ జారీ చేసియున్నందున మీ అర్జీని ముగించడమైనది.” దాంతో గడువు కొత్తగా మొదలుకాదు. 2008లో సి. జాకబ్ అన్నాయన కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది. అది ఉద్యోగానికి సంబంధించిన కేసు. ఎప్పుడో తొలగించిన ఉద్యోగి ఏళ్ళ తర్వాత అర్జీ పెట్టుకుని, దానికి వచ్చిన జవాబు పట్టుకుని కోర్టుకెళ్ళాడు. కాలం చెల్లిన వ్యవహారం మీద ఆఫీసు జవాబిచ్చినంత మాత్రాన పాత హక్కుకి కొత్త ప్రాణం రాదని తేల్చారు. మీ ఆర్డీవో దగ్గరా అవతలి వకీలు ఆ కేసే చూపిస్తాడు.

కాబట్టి 60 రోజులు ఇప్పటికే నడుస్తున్నాయి. ఆ 19 రోజుల మీద ఆశ పెట్టుకోకుండా, కాగితం మీద ఉన్న తేదీ నుంచే లెక్కేసుకుని లోపలే దాఖలు చేయండి. ఒకవేళ దాటితే, అందింది ఆలస్యంగానని కారణం రాసి ఆలస్యం మన్నించమని విడిగా పిటిషన్ పెట్టుకోవాలి. తేదీ వేయకుండా సంతకం పెట్టారు కాబట్టి అప్పుడు మీ అమ్మగారి అఫిడవిట్ కావాల్సొస్తుంది. ఆ తద్దినం ఎందుకు, లోపలే వేసేయండి.

అప్పీల్లో ఏం రాయాలంటే, వాటా మాదే అని పేజీలకు పేజీలు రాయకండి. ఆర్డీవో కూడా వాటాలు తేల్చలేడు. నోటీసు లేదు, విచారణ లేదు, అభ్యంతరం కాపీ మాకు ఇవ్వలేదు, కారణం రాయలేదు. ఈ నాలుగూ చాలు. గెలిస్తే ఫైలు మళ్ళీ తహసీల్దారు దగ్గరికే వస్తుంది, ఈసారి నోటీసులతో. అప్పుడు మీ బాబాయి వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పాలి, అసలు అభ్యంతరం దేనికో.

అక్కడే నా అనుభవంలో సగం వ్యవహారాలు తెగుతాయి. నోటికి అడ్డుపడటం వేరు, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ముందు స్టేట్‌మెంటు ఇచ్చి సంతకం పెట్టడం వేరు. ‘వాళ్ళ వాటా వాళ్ళకి ఉందండీ, తూర్పు పక్క బోరు ఉన్న ముక్క మాత్రం నాకు కావాలి’ అంటాడు. అలా అంటే పంపకం కాగితం రాసుకుని రిజిస్టరు చేయించండి, ఇద్దరి పేర్లూ ఎక్కుతాయి. ససేమిరా అంటే పార్టిషన్ సూటు, అంటే వాటాలు పంచమని సివిల్ కోర్టులో దావా, తప్పదు. డిక్రీ వచ్చాక దాని ప్రకారం రికార్డు మార్చి తీరాలి, అదే చట్టం 8వ సెక్షన్‌లో ఉంది. సూటు వేసేటట్టయితే ఈ ఎండార్స్‌మెంట్ కూడా డాక్యుమెంట్లలో పెట్టండి. మీ హక్కుని ఫలానా రోజున కాదన్నారనడానికి అది మంచి సాక్ష్యం.

రిజిస్ట్రేషన్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. సబ్ రిజిస్ట్రారు దస్తావేజు తీసుకోను అంటే నోటిమాటతో ఇంటికి రాకండి. ‘రిజిస్ట్రేషన్ నిరాకరించడమైనది’ అని దస్తావేజు మీదే రాసి, కారణాలు ఆయన రెండో నంబరు పుస్తకంలో ఎక్కించాలి. మీరు అడిగితే ఆ కారణాల కాపీ ఫీజు లేకుండా ఇవ్వాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షన్ అది. ఆ కాపీ ఉంటేనే 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారు దగ్గరికి అప్పీలుకి పోగలరు. ‘సర్వర్ పనిచేయట్లేదు, రేపు రండి’ అన్నదాని మీద ఎవరికీ అప్పీలు ఉండదు మరి.

తెనాలి_బెంగళూరు:

సర్, మీరు చెప్పినట్టే కాగితం ఫొటో తెప్పించి చూశాను. ఎల్.డిస్ అనే ఉంది! శుక్రవారం సెలవు పెట్టి ఊరికి వెళ్తున్నాను. సమాచార హక్కు దరఖాస్తు ఆ రోజే ఇచ్చేస్తాను. కాగితాలు వచ్చేదాకా అప్పీలు ఆపాలా, ముందే వేసేయాలా? బాబాయిని కూడా కలవమంటారా?

పాత_దఫ్తరు:

ఆపొద్దు. 30 రోజులు అంటే 30 రోజుల్లోనే ఇస్తారని నేను పూచీ పడలేను. అప్పీలు ముందు వేసేయండి, కాగితాలు వచ్చాక అదనంగా దాఖలు చేసుకోవచ్చు. ఎండార్స్‌మెంట్ ఒరిజినల్ జత చేయమంటే అంతకుముందే నాలుగు జిరాక్సులు తీసి పెట్టుకోండి. తపాల్లో, అంటే ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట, ఇచ్చినప్పుడు మీ కాపీ మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి, ‘మధ్యాహ్నం రండి వేస్తాం’ అంటే మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చోండి.

బాబాయి దగ్గరికి తప్పకుండా వెళ్ళండి. కానీ అమ్మగారిని తీసుకెళ్ళండి, మేనమామని వద్దు.